కానుగ చెట్టు కింద నాలుగు వందల బండ్లు

నేను ఒక టిక్కుడు మిషనును. నాకు ఇంగ్లీషులో ఏదో పేరుంది. అది నేను వచ్చిన అట్టపెట్టె మీద ఉండేది, ఆ పెట్టె ఎప్పుడో చిరిగిపోయింది. అరచేతిలో పట్టేంత ఉంటాను. ఇనుప ఒళ్లు, పైన బొటనవేలితో ఒత్తే మీట, వెనకాల వేలు దూర్చుకునే రింగు, ముందు అద్దం వెనక నాలుగు అంకెలు. ఒకసారి ఒత్తితే ఒకటి పెరుగుతుంది. పక్కనున్న మర తిప్పితే నాలుగూ సున్నాలవుతాయి. తగ్గించడం మాత్రం నాకు రాదు. నన్ను చేసినవాళ్లు ఆ చక్రం పెట్టలేదు. ఒక్కటి ఎక్కువ పడితే ఆ ఒక్కదాన్నే వెనక్కి తీసుకోవడం కుదరదు. మొత్తం చెరిపేసుకోవాలి, లేదంటే మోసుకుంటూ తిరగాలి. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను.

పుట్టింది బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో. ఆ రోజు నాతోపాటు ఇంకో రెండు వందలు పుట్టి ఉంటాయి. కొన్ని కోడిపిల్లలను లెక్కపెట్టడానికి పోయాయి, కొన్ని సిమెంటు బస్తాలకు. నేను షాద్‌నగర్ దగ్గర ఒక ఫంక్షన్ హాలుకు పోయాను. అక్కడ నా పని విస్తళ్లు లెక్కపెట్టడం. వంటవాళ్ల మనిషి చేతిలో ఉన్నప్పుడు నా అంకె గబగబా పెరిగేది. పెళ్లివాళ్ల మనిషి చేతిలోకి రాగానే మెల్లగా కదిలేది. తినేవాళ్లు మాత్రం అదే బంతిలో, అదే తిండి తింటూ ఉండేవాళ్లు. మనిషి నన్ను కొనేది నిజం తెలుసుకోవడానికి కాదని, తన మాట పక్కవాడి ముందు నెగ్గించుకోవడానికని నాకు అక్కడే అర్థమైంది. ఆ తర్వాత చూసినవన్నీ దానికి రుజువులే.

కొన్నాళ్లకు హాలు మేనేజరు ఫోన్లో లెక్కపెట్టుకోవడం నేర్చుకుని నన్ను డ్రాయరులో పడేశాడు. డ్రాయరు సర్దిన రోజు, కార్ల పార్కింగు చూసుకునే బుచ్చిలింగం అడిగితే ఇచ్చేశాడు. పాత దువ్వెన ఇచ్చినట్టు ఇచ్చాడు.

బుచ్చిలింగం నాకు ఎర్రదారం కట్టాడు. రింగుకు చుట్టి, మణికట్టుకు ముడివేసుకునేవాడు. అప్పటికి నలభై ఏళ్ల మనిషి, సన్నగా ఉంటాడు, ఎండకు ఒక కన్ను ఎప్పుడూ సగం మూసుకునే ఉంటుంది. మూడో తరగతి సగంలో బడి మానేశాడు. కూడికలయ్యాయి, తీసివేతలయ్యాయి, భాగహారం మొదలయ్యేలోపు వాళ్ల నాయన మేకల వెంట తోలాడు. ఆ సంగతి దాచుకునేవాడు కాదు. "లోకంల కూడుడు ఒస్తె సాలు. పంచనీకి మన తాన ఏముంది?" అని నవ్వేవాడు. నేనూ అట్లాంటిదాన్నే కాబట్టి నాకా మాట నచ్చింది.

సొంత మిషనున్న మనిషి అని రోడ్డు సర్వేల కాంట్రాక్టరు ఒకతను అతన్ని పనిలో పెట్టుకున్నాడు. అప్పటినుంచి మేమిద్దరం రోడ్ల పక్కనే బతికాం. టోల్‌గేటు పెట్టే ముందు లారీలు లెక్కపెట్టాం. బస్సు ఆగాలా వద్దా అని తేల్చడానికి స్టేజీల దగ్గర జనాన్ని లెక్కపెట్టాం. పెట్రోలు బంకులకు లెక్కపెట్టాం. ఎక్కడ మా అంకె పెద్దదైతే అక్కడ ఏదో ఒకటి వచ్చేది. అంకె చిన్నదైతే ఏదీ వచ్చేది కాదు. పన్నెండేళ్లలో బుచ్చిలింగం నేర్చుకున్న చదువంతా ఇదే, ఎవరూ అది తప్పని చెప్పలేదు. ఆ పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా ఉత్తినే ఒత్తలేదు. దగ్గొచ్చినా మీట మీంచి వేలు తీసి దగ్గేవాడు.

తర్వాత కరెంటు కార్లు వచ్చాయి.

వాటికి ఛార్జింగ్ స్టేషన్లు పెట్టే కంపెనీ ఒకటి బెంగుళూరు రోడ్డు మీద జాగాలు వెతుకుతూ మా కాంట్రాక్టరు దగ్గరికి వచ్చింది. పెట్రోలు కొట్టించుకుంటే ఐదు నిమిషాల్లో పోవచ్చు. ఈ కార్లకు ముప్పావుగంట పడుతుంది. కారు కరెంటు తాగుతున్నంతసేపు కారులోని మనిషి ఏం చేయాలి? తినాలి, కూర్చోవాలి, ఏదన్నా కొనుక్కోవాలి. అందుకని స్టేషన్‌ను ఒంటరిగా పెట్టరు. హోటలు దగ్గరో దుకాణాల దగ్గరో పెడతారు. కొత్తకోట దాటాక రెండు జాగాలు చూశారు. ఒకటి కొత్తగా కట్టిన ఫుడ్‌కోర్టు, నాలుగు అంగళ్లు, పెద్ద అద్దాలు. రెండోది అక్కడికి రెండు కిలోమీటర్ల ముందే ఉన్న మణెమ్మ రొట్టెల హోటలు. రెంటిలో ఒక్కదానికే స్టేషన్.

మణెమ్మ హోటలంటే పెద్దగా ఏమీ లేదు. రోడ్డు పక్క రెండు గుంటల సొంత జాగా, రేకుల కొట్టం, ముందు ఒక పెద్ద కానుగ చెట్టు, దాని కింద ఆరు నులకమంచాలు. మణెమ్మ జొన్నరొట్టె చేస్తుంది. పక్కన ఆమె మొగుడు ఆశన్న ఉల్లిగడ్డలు కోస్తాడు, మాట్లాడడు. పదకొండేళ్లుగా అదే పెనం. మేమిద్దరం ఆ రోడ్డు మీద ఎక్కడ లెక్కపెట్టినా, మధ్యాహ్నానికి బుచ్చిలింగం ఆ మంచాల మీదికి చేరేవాడు. ఆ తిండి మీద అతనికి అంత మోజు. ఆమె అతన్ని లింగన్నా అనేది.

ఆ హోటలుకు ఒక కట్టుబాటు ఉండేది. పార్సల్ ఇవ్వరు. హైదరాబాదు కార్లవాళ్లకు ఇది తెలిసేది కాదు.

"అమ్మా, నాలుగు రొట్టెలు, గుడ్డుకూర పార్సల్ చెయ్యి."

"పార్సల్ లేదు."

"డబ్బాలు లేవా? మా దగ్గరుందిలే."

"డబ్బా ఉంటె అండ్ల ఉల్లిగడ్డలు వెట్కపో సారూ. రొట్టెకు చెమట వడ్తె చెప్పు తోలు లెక్క అయితది. తినెటంత టైముంటె కూసో. లేకుంటె ముంగట ఫుడ్డుకోర్టు ఉంది, ఆడ అన్నీ డబ్బాలల్లనే ఉంటయి."

కొందరు మొహం ముడుచుకుని పోయేవాళ్లు. ఎక్కువమంది కూర్చునేవాళ్లు. రొట్టె ఒకటొకటే కాలుతుంది, ఒకటి తినేలోపు ఇంకోటి వస్తుంది. అట్లా కారు దిగిన నలుగురు లేచేసరికి ముప్పావుగంటయ్యేది. నులకమంచం మీద వెన్ను వాలిస్తే గంట.

ఇప్పుడు ఆమెకు ఆ స్టేషన్ ఎందుకు కావాలో చెప్తాను. రోడ్డు ఆరు వరసలవుతోంది. కొత్త రోడ్డు అంచున పొడుగునా ఇనుప కంచె వస్తుంది. ఎక్కడెక్కడ వస్తుందో నేలమీద నారింజ రంగు గీతలు గీసి పోయారు. ఆ గీత కానుగ చెట్టుకు నాలుగడుగుల ముందునుంచి పోతోంది. కంచె పడితే ఏ బండీ ఆమె దగ్గరికి దిగలేదు. స్టేషన్ వస్తే మాత్రం అక్కడ దారి వదలాలి. కంపెనీ తరఫున వచ్చిన హరిణి మేడం ఈ మాట ఆమెకు నేరుగానే చెప్పింది. గుంటూరు వైపు పిల్ల, ముప్పై లోపే ఉంటుంది, మాట మెత్తన.

"స్టేషన్ వస్తే దారికి పర్మిషన్ మేమే తెచ్చుకుంటామమ్మా. లోపలికి రోడ్డు కూడా మేమే వేస్తాం."

"రాకుంటె?"

"రాకపోతే ఇక రోడ్డువాళ్ల ఇష్టం."

మణెమ్మ గీత వైపు చూసింది. తర్వాత బుచ్చిలింగం వైపు చూసి, "మంచిగ లెక్కవెట్టు లింగన్నా" అంది. అంతే. ఎక్కువ పెట్టు అనలేదు. ఆ మాట నేను ఎవరి ముందైనా చెప్తాను.

మేడం రెండు చోట్లా ఒక్కో చిన్న కెమెరాను స్తంభానికి కట్టించింది. బండి నిలిపే ఒక్కో జాగా ఎంతసేపు నిండి ఉందో అది చూస్తుందట. కొమ్మలో బోర్డులో అడ్డం కాబట్టి వచ్చిపోయినవి ఎన్ని బండ్లో దానికి తెలియదట. "మీరు ఆగిన కారుకు ఒకటి చొప్పున నొక్కండి, అది చాలు. వారం అయ్యేదాకా సున్నా చెయ్యొద్దు" అంది. ఆ రెండు అంకెలతో తాను ఏం చేస్తుందో చెప్పలేదు. బుచ్చిలింగం అడగలేదు. అడిగితే పని తెలియనివాడనుకుంటారని అతని భయం. చెప్పినా అర్థం కాదని ఆమె లెక్క. ఒక్క వాక్యంతో అయిపోయే పని అది.

మొదటి వారం ఫుడ్‌కోర్టు దగ్గర నిలబడ్డాం. అక్కడ నిజంగానే బండ్లు ఎక్కువ. వారం చివర నా ముఖం మీద 0962 ఉంది. బుచ్చిలింగం దాన్ని చాలాసేపు చూశాడు. మేడం రాసుకున్నాక, మర తిప్పి సున్నా చేశాడు. చేస్తున్నప్పుడు అతని వేలు తడిగా ఉంది.

రెండో వారం కానుగ చెట్టు కింద. పొద్దున ఏడింటి నుంచి పొద్దుగూకేదాకా. మొదటి రోజు ముప్పై లోపే. రెండో రోజూ అంతే. మణెమ్మ నీళ్లచెంబు ఇవ్వడానికి వచ్చి నా ముఖంలోకి తొంగి చూసేది.

"ఎంతయింది లింగన్నా?"

"అయితున్నయి."

"ఆడెన్నయినయి?"

"ఆడ వేరే." అని చెంబు ఎత్తి గొంతులో పోసుకునేవాడు.

మూడో రోజు పది గంటలప్పుడు తెల్లకారు ఒకటి వచ్చింది. వేగం తగ్గించింది, చెట్టు వైపు వంగినట్టే వంగింది, లోపలున్న ఆడమనిషి ఏదో అంది, కారు మళ్లీ రోడ్డెక్కి పోయింది. బుచ్చిలింగం వేలు నా మీట మీద ఉంది. "ఆగుదమనుకున్నడు గద" అని తనలో తాను అనుకున్నాడు. ఒత్తాడు.

అది మొదటిది. నా చక్రం మామూలుగానే తిరిగింది. నిజం ఒత్తుడయితే ఒక తీరు, అబద్ధం ఒత్తుడయితే ఇంకో తీరు తిరగాలని నాకెవరూ నేర్పలేదు.

ఆ తర్వాత, వేగం తగ్గించిన ప్రతి బండికీ ఒత్తాడు. మధ్యాహ్నానికి, ఆగి దారి అడిగిపోయిన ఆటోకు ఒత్తాడు. నాలుగో రోజు, మోటారు సైకిళ్లు మాత్రం ఏం పాపం చేశాయనుకున్నాడు. ఐదో రోజు, ఆకలయి ఉంటే ఆగేవాళ్లే కదా అనిపించిన కార్లకు ఒత్తాడు. ఆరో రోజుకు ఇక కారణాలు వెతకడం మానేశాడు. మణెమ్మ పెనం దగ్గర వంగి మంట ఊదుతుంటే, పొగకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగితే ఒత్తేవాడు. ఆశన్న గంపెడు ఉల్లిగడ్డలు కోసి, తినేవాళ్లు రాక తడిగుడ్డ కప్పితే ఒత్తేవాడు. నారింజ గీత మీద కన్ను పడితే ఒత్తేవాడు. పన్నెండేళ్లు ఉత్తినే ఒత్తని వేలు అది. ఆ పని అలవాటు లేదు కాబట్టి అన్యాయంగా కూడా సరిగా ఒత్తలేకపోయాడు. కొన్నిసార్లు ఒకటికి రెండు పడేవి.

ఏడో రోజు సాయంత్రం నా మీద 0400. సరిగ్గా నాలుగు వందలు చూసి ఆపేశాడు. గుండ్రటి అంకె అనుమానం తెస్తుందన్న తెలివి కూడా లేదు. మేడం రాసుకుంది, సంతకం పెట్టించుకుంది. బుచ్చిలింగం ఈసారి నన్ను సున్నా చేయలేదు. ఎందుకో నాకు తెలియదు, అతనికీ తెలియకపోవచ్చు.

పదిరోజులకు హరిణి మేడం తిరిగి వచ్చింది. ఫోన్లో చెప్పి ఊరుకోవచ్చు. చాలామంది అట్లాగే చేస్తారు. ఆమె వచ్చి మంచం మీద కూర్చుంది. బుచ్చిలింగం పక్క మంచం మీద, నేను అతని చొక్కా జేబులో.

"స్టేషన్ ఫుడ్‌కోర్టుకే వెళ్లిందమ్మా" అంది.

మణెమ్మ రొట్టె తట్టడం ఆపలేదు. "బండ్లు ఆడనే ఎక్కువ గద. ఎరుకనే" అంది.

"బండ్లు కాదమ్మా. ఇందులో సగం బండ్లున్నా మాకు సరిపోతాయి. మనుషులు కూర్చునే టైమే సరిపోలేదు. కారు ఛార్జింగ్ అవ్వాలంటే మనిషి సగటున అరగంటన్నా ఆగాలి. ఎక్కువసేపు ఆగే చోటుకే స్టేషన్ ఇస్తాం. ఇక్కడ బండ్లు నిలిపే జాగాలన్నీ కలిపి వారంలో నిండి ఉన్న టైము ఎనిమిది వేల నాలుగు వందల నిమిషాలు. దాన్ని నాలుగు వందల బండ్లకు భాగిస్తే బండికి ఇరవై ఒక్క నిమిషం. అక్కడ ముప్పై మూడు వచ్చింది."

రొట్టె తట్టే చప్పుడు ఆగింది.

"ఇరవై ఒక్క నిమిషంల నా తాన రెండో రొట్టె పెనం దిగది మేడం" అంది మణెమ్మ. "నేను పార్సలే కట్టను. తిని లేవకుండ ఎట్ల పోతరు?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. నేనొచ్చిన రోజు నేనే యాభై నిమిషాలు కూర్చున్నా." మేడం పక్కకు తిరిగింది. "లింగంగారూ, ఆగినవాటికే కదా నొక్కారు?"

 బుచ్చిలింగం జేబు మీద చేయి పెట్టుకున్నాడు. అతని అరచెయ్యి వేడి చొక్కా గుడ్డ దాటి నాకు తగిలింది.

"బండ్లు ఎక్కువుంటె మంచిదే గద మేడం?" అన్నాడు.

ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆశన్న కత్తి పక్కన పెట్టాడు. మేడం కళ్లు మూసుకుని తెరిచింది.

"ఎన్ని ఎక్కువ నొక్కారు?"

"సగం ఉంటయేమో."

"సగమైతే బండికి నలభై రెండు నిమిషాలు" అంది మేడం, ఎవరితోనూ కాదు. "మాకు కావలసింది అంతే." తర్వాత గట్టిగా అడిగింది. "ఉంటాయేమో కాదు, ఎన్ని?"

అతనికి తెలియదు. జేబులోంచి నన్ను తీసి ఆమె ముందు పట్టుకున్నాడు, నన్ను అడిగితే చెప్తానన్నట్టు. నాకు మాత్రం ఏం తెలుసు. నాకున్నది ఒక్క అంకె.

"ఇంకొక్క వారం మేడం. కూలీ ఒద్దు. దేవుని మీద ఒట్టు, ఉన్నదే ఒత్తుత."

"మా కంపెనీ కమిటీ మీటింగు అయిపోయింది లింగంగారూ. ఇప్పుడు నేను వెళ్లి మా మనిషి లెక్క తప్పు అని చెబితే, ఫుడ్‌కోర్టు లెక్క కూడా ఆయనదే కదా అంటారు. ఈ రోడ్డే వద్దంటారు. అప్పుడు ఇక్కడా రాదు, అక్కడా రాదు." ఆమె లేచింది. "నాదీ తప్పే. ఆ అంకెతో ఏం చేస్తామో నేను మీకు చెప్పాల్సింది."

చెప్పాల్సింది. ఆ మాట అందరూ కారెక్కే ముందే అంటారు.

ఆమె వెళ్లాక, బుచ్చిలింగం అక్కడే కూర్చున్నాడు. "నాకు సమజ్ కాలే మణెమ్మా. ఎక్కువ ఒత్తితె తక్కువ ఎట్లయింది?"

మణెమ్మ తాంబాళంలో ఉన్న పిండి వైపు చూపించింది. తిట్టే గొంతు కాదు. రొట్టె చేయడం నేర్పే గొంతు.

"ఉన్న పిండి ఇదే లింగన్నా. దీన్ని నాలుగు ముద్దలు చేస్తె నాలుగు పెద్ద రొట్టెలు. నువ్వు ఎనిమిది ముద్దలు చేసినవు. రొట్టెలు ఎక్కువైనయి, ఒక్కటి తింటె కడుపు నిండదు."

అతను తల ఊపాడు. మూడో తరగతిలో వదిలేసిన పాఠం యాభై రెండేళ్ల వయసులో అట్లా పూర్తయింది. చెప్పిన పంతులమ్మకు అది తన హోటలు మీద పడిన లెక్క.

"నీ కోసమే ఒత్తిన" అన్నాడు.

"ఎరుకనే." ఆమె పెనం మీద రొట్టె తిప్పింది. "నా రొట్టె మీద నీకు నమ్మకం లేకపాయె. మంది ఒచ్చి కూసుంటరని నమ్మకం లేకపాయె. పదకొండేండ్లు తిన్నవు గద."

 

రెండు రొట్టెలు కాలాయి. అతను అలవాటుగా పళ్లెం కోసం చెయ్యి చాపాడు. మణెమ్మ పళ్లెం తీయలేదు. ఆశన్న వైపు చూసింది. ఆ కొట్టంలో కట్టి ఇవ్వడానికి కాగితం అంటూ ఎప్పుడూ లేదు, అవసరం రాలేదు. ఆశన్న లేచి, గోడకున్న క్యాలెండరులో అయిపోయిన నెల చింపి ఇచ్చాడు. ఆమె ఆ రొట్టెలు రెండూ మడిచి, మధ్యలో ఉల్లిగడ్డ పెట్టి, కాగితంలో చుట్టి, దారం కట్టింది. ముడి వేయడం రాక రెండుసార్లు జారింది.

"తీస్కపో లింగన్నా" అంది. "తొవ్వల తిను."

బుచ్చిలింగం ఆ పొట్లాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు. కాగితం మీద అప్పుడే చెమట మచ్చ పైకి వస్తోంది. పొట్లం అందుకునే ముందే, చేయి ఖాళీ కావాలని నన్ను మంచంపట్టె మీద పెట్టాడు. ఎర్రదారం విప్పి పక్కన పెట్టాడు. ఇచ్చినట్టూ కాదు, మరిచిపోయినట్టూ కాదు. రోడ్డు దాటి, బస్సు కోసం ఎండలో నిలబడ్డాడు. బస్సు వచ్చేదాకా ఆ పొట్లం విప్పలేదు. ఆ తర్వాత అతన్ని నేను చూడలేదు.

కంచె రెండు నెలల్లో వచ్చింది. కానుగ చెట్టును కొట్టలేదు, కొట్టేంత విలువ ఎవరూ ఇవ్వలేదు. చెట్టు కంచెకు అవతల ఉంది, బండ్లు ఇవతల పోతున్నాయి. కొన్నాళ్లు మణెమ్మ పొయ్యి వెలిగించింది. తర్వాత రేకులు విప్పి పాత ఇనుము వాళ్లకు వేశారు. గరిటెలు, విరిగిన కుర్చీ, నేను కూడా ఆ రేకుల మధ్యన పోయాం.

ఇప్పుడు నేనున్న పాత ఇనుము కొట్టు సరిగ్గా ఫుడ్‌కోర్టు ఎదురుగా ఉంది. స్టేషన్ వచ్చింది. రెండు తెల్ల పెట్టెలు, పైన పచ్చ లైటు. కార్లు వచ్చి తీగ తగిలించుకుని నిలబడతాయి. మనుషులు దిగి, డబ్బాలు కొనుక్కుని, మళ్లీ కారులోనే ఏసీ వేసుకుని కూర్చుని, ఫోను చూసుకుంటూ తింటారు. ముప్పావుగంట. సగటు బాగానే వస్తూ ఉండాలి.

ఈమధ్య అక్కడ ఐదో అంగడి పెట్టారు. పాలమూరు జొన్నరొట్టె అని బోర్డు. రోజూ పొద్దున ఆరింటికి ఒకామె కొట్టు ముందునుంచే నడిచి పోతుంది. నెత్తిన నల్లటి పెనం ఉంటుంది, వెనకాల మాట్లాడని మనిషి ఉల్లిగడ్డల సంచి మోసుకొస్తాడు. అక్కడ కూర్చోవడానికి మంచాల్లేవు. అన్నీ పార్సలే.

కొట్టాయన ఒకసారి నన్ను గుట్టలోంచి తీసి, మర తిప్పి సున్నా చేద్దామని చూశాడు. తుప్పు పట్టిన మర కదల్లేదు. మళ్లీ గుట్టలోకి విసిరాడు. నా ముఖం రోడ్డు వైపే ఉంది, అద్దం పగిలింది కానీ అంకె కనబడుతుంది. నాలుగు వందలు. అందులో ఆగిన బండ్లు ఎన్నో, బుచ్చిలింగం ఎంతో, నాకు ఇప్పటికీ తెలియదు.